వదలకూడని వ్యాగన్

కిరణ్‌కుమార్ నన్ను కూర్చోమనలేదు. కుర్చీలు లేక కాదు. ఆ షెడ్డులో డజనుకు పైగా కుర్చీలున్నాయి. అన్నింటి మీదా పాతికేళ్లు దాటని కుర్రాళ్లు కూర్చుని, తలలు కంప్యూటర్ తెరల్లోకి దూర్చి ఉన్నారు. ఒక్కడూ నా వైపు తిరిగి చూడలేదు. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో చాలా షెడ్లు చూశాను నేను. రేకులు వంచేవీ, ఇనుము కరిగించేవీ, బిస్కెట్లు ప్యాక్ చేసేవీ. వీడియో గేములు తయారుచేసే షెడ్డు చూడటం ఇదే మొదలు.

"ఉమాశంకర్ ఎక్కడున్నాడు?" అన్నాను.

"నాకేటి తెలుసు దీదీ? నా జేబులో ఉన్నాడేటి?"

చెంప మీద ఒకటి ఇవ్వాలనిపించింది. యూనిఫాం ఉన్న రోజుల్లో అయితే ఇచ్చేదాన్నేమో. రైల్వే రక్షణ దళం ఆర్పీఎఫ్‌లో ఉద్యోగం వదిలేసి తాల్‌బగీచాలో ప్రైవేట్ డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాక ఓపిక నేర్చుకోవాల్సి వచ్చింది. పెళ్లి సంబంధాల ఆరాలూ, పోయిన స్కూటర్లూ, అద్దె ఎగ్గొట్టిన వాళ్లూ, ఇవే నా కేసులు. ఇది అలాంటిది కాదు.

ఉమాశంకర్ ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని ఇంట్లోంచి బయటికెళ్లాడు. ఫోనూ పర్సూ మంచం మీదే వదిలేశాడు. ఇవాళ బుధవారం. అన్నీ ఇంట్లో పెట్టేసి బయటికెళ్లిన వాళ్లు, కోల్‌కతాకి లోకల్ బండి దూరంలో ఉన్న ఈ రైలు ఊళ్లో మామూలుగా ఎక్కడ దొరుకుతారో నాకు బాగా తెలుసు. ఉద్యోగంలో ఉండగా చాలామందిని నేనే దుప్పటి కప్పి తెచ్చాను. అందుకే ఆదివారం రాత్రీ, సోమవారం అంతా పట్టాల వెంటే వెతికాను. అక్కడ కనబడలేదు. ఆశ పెట్టుకోవడానికి నాకున్నది ఆ ఒక్క ముక్కే. వాళ్ల నాన్న జగ్గారావు మా నాన్నతో కలిసి పనిచేసిన మనిషి. నా గుమ్మంలో నిలబడి, ఆణ్ని బతికుండగా తెచ్చి మాకు సూపించమ్మా, ఇంకేటీ అడగను అన్నాడు. అదొక్కటే నా పని.

కుర్రాడు ఎందుకు వెళ్లాడన్నది అందరికీ తెలిసిందే. నాలుగేళ్లు కూర్చుని ఒక ఆట చేశాడు. దాని పేరు 'సిక్ లైన్'. పాడైన వ్యాగన్‌ని రైల్వేలో సిక్ అంటారు. గూడ్సు బండి యార్డు వదిలే ముందు టీఎక్సార్ అనే ఉద్యోగి ప్రతి వ్యాగన్ దగ్గరా వంగి, చక్రాలూ బ్రేకులూ కొక్కేలూ చూసుకుంటూ వెళతాడు. ఏదైనా తేడా కనిపిస్తే సుద్దతో గుర్తు గీస్తాడు. ఆ వ్యాగన్‌ని బండి నుంచి విడదీసి పక్కనున్న సిక్ లైన్‌లోకి నెట్టేస్తారు. జగ్గారావు నింపురా యార్డులో ఆ పని చేసే రిటైరయ్యాడు. కొడుకు దాన్నే ఆటగా చేశాడు. ఆడేవాడే టీఎక్సార్. ఏ వ్యాగన్ వెళ్లాలో, ఏది ఆగాలో తేల్చాలి.

నిన్న పగలంతా ప్రేమ్ బజార్‌లో వాడు పని కోసం తీసుకున్న అద్దె గదిలో కూర్చుని ఆ ఆట ఆడాను. నాకు ఆటలంటే ఇష్టం లేదు. అయినా మధ్యలో లేవలేకపోయాను. చివరి ఘట్టంలో టీఎక్సార్‌కి ఒక వ్యాగన్ సిక్ అని తెలుస్తుంది. సుద్ద గీస్తాడు. ఎవరూ పట్టించుకోరు. మళ్లీ గీస్తాడు. బండి వదలమని పై నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఎన్నిసార్లు గీసినా ఆ వ్యాగన్‌ని ఎవరూ విడదీయరు, బండి వెళ్లిపోతుంది. అంతటితో ఆట అయిపోతుంది. ఈ ఊళ్లో పుట్టిన దాన్ని, అలాంటి బండి చివరికి ఏమవుతుందో నాకు తెలుసు. మంచి ఆట అది. చూసిన వాళ్లెవరైనా ఒప్పుకునేవాళ్లు. చూసే వాళ్లే లేకుండా పోయారు.

శుక్రవారం పొద్దున ఉమాశంకర్ ఆ గదిలోంచే దాన్ని ఆన్‌లైన్ ఆటల స్టోర్లో పెట్టాడు. అప్పటికే, గురువారం సాయంత్రమే, అదే ఆట నలభై వేరు వేరు పేర్లతో ఆ స్టోర్లోకి దిగిపోయింది. ఒకదానికి 'ట్రెయిన్ కింగ్' అని పేరు, ఒకదానికి 'వ్యాగన్ మాస్టర్', ఇంకోదానికి మూడు ఇంగ్లీషు అక్షరాలూ ఒక బొమ్మా. స్టోర్లో చూసేది మనుషులు కాదు, యంత్రం. ముందు వచ్చినదే దానికి అసలు. తర్వాత వచ్చింది నకలు. ఉమాశంకర్ ఆటకి నకలు అని ముద్ర వేసి తీసిపారేసింది. వాడు మొరపెట్టుకుంటే యంత్రమే జవాబిచ్చింది. మళ్లీ రాస్తే మళ్లీ అదే జవాబు. గోడకి చెప్పుకున్నట్టే.

"వారానికెన్ని ఆటలు దింపుతావు?" అని కిరణ్‌ని అడిగాను.

అన్నీ లెక్కెట్టుకుంటామా అన్నాడు. తర్వాత వాడికే ఉత్సాహం పుట్టి చెప్పుకొచ్చాడు. ఎక్కడో దొరికిన బొమ్మలూ, ఎవరో అమ్మే రెడీమేడ్ లెవెళ్లూ కొంటారు. పేరు మారుస్తారు, రంగు మారుస్తారు, పైకి తోసేస్తారు. ఫీజు కడితే చాలు, స్టోరు వద్దనదు.

"రోజుకి వందలు దిగుతాయి దీదీ అందులోకి. ఒక్కటి పెడితే ఎవుడికి కనపడతాది? నలభై పెడితే ఒకటైనా ఎవుడి కాలికో తగులుతాది. ఉమాశంకర్‌కి సెప్పినాను, నాలుగేళ్లు ఒకదాని మీదే కూకోకురా బాబూ అని. ఇన్నాడా?"

"బాగున్నాయో లేదో ఎవరు సూస్తారు?" అన్నాను.

"ఎవుడూ సూడడు."

ఆ మాట వాడు చాలా మామూలుగా అన్నాడు. సిక్ లైన్ తన షెడ్డు నుంచే వెళ్లిందని వాడు దాచలేదు కూడా. దొంగతనం చేయలేదట. వాళ్లింటి నుంచే తన చేతికి వచ్చిందట, పెన్ డ్రైవ్‌లో.

"ఎప్పుడు?"

"పోయిన బుధవారం మజ్జానం."

"పోయిన బుధవారం ఉమాశంకర్ కోల్‌కతాలో ఉన్నాడు. పొద్దున్నే లోకల్ ఎక్కి ఎల్లి, సీకటి పడ్డాక వచ్చినాడు. ఆడు నీకెలాగ ఇస్తాడు?"

కిరణ్ మొహంలో ఉత్సాహం పోయింది. ఉమాశంకర్ ఇచ్చినాడని నేనన్నానేటి అని గొణిగాడు. చిన్నప్పటి నుంచీ ఆ ఇంట్లోకి చెప్పులు విప్పి చొరవగా వెళ్లే మనిషి వీడు. అక్కడ కంప్యూటర్ ఎక్కడుందో తెలుసు. నువ్వే వెళ్లి ఎత్తుకొచ్చావన్నమాట అంటే నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. తప్పు చేసి దొరికిన వాడి నవ్వులా లేదది.

"ఇంతకంటే సెప్పను దీదీ. వేణుగోపాల్ సార్ సెప్పొద్దన్నాడు."

అంటే స్టోరు తరఫున విచారణకి దిగిన ఆ పెద్దమనిషి నాకంటే ముందే వచ్చి వెళ్లాడన్నమాట.

ఒక కంప్యూటర్ ఖాళీ చేయించాను. సర్చ్ వారెంట్ ఉందా అని కిరణ్ అడగలేదు, నేనూ లేదని చెప్పలేదు. ఆ నలభైలో ఒకటి తెరిచాను. పేరూ రంగూ మారాయి తప్ప మిగతాదంతా ఉమాశంకర్‌దే. యార్డు మూలన పడుకున్న కుక్క కూడా అలాగే ఉంది. ఒక వ్యాగన్ మీద నంబరు తలకిందులుగా పడింది, వాడి పొరపాటు అది, నిన్న నా కంటపడింది. ఇక్కడా అలాగే ఉంది. దొంగలు పొరపాట్లు కూడా దిద్దకుండా ఎత్తుకొచ్చారు. మధ్యలో ఏ మార్పూ లేదు. విసుగొచ్చింది. ఒక్క చివరి ఘట్టం చూసి లేద్దామనుకున్నాను.

చివరి ఘట్టంలో సుద్ద గీశాను. ఈసారి ఆ వ్యాగన్ బండి నుంచి విడిపోయింది. మెల్లగా పక్క లైన్లోకి వెళ్లి ఆగింది. కొక్కేలు మళ్లీ తగులుకున్నాయి, బ్రేకు గొట్టాలు కలిశాయి, చివరి పెట్టెకి దీపం కూడా తగిలింది. అప్పుడు గానీ బండి కదల్లేదు. క్షేమంగా వెళ్లిపోయింది.

మొదటి నుంచీ మళ్లీ ఆడాను. అదే జరిగింది. ఇంకో పేరుతో ఉన్న నకలు తెరిచాను. అందులోనూ అంతే. తలకిందులైన నంబరు దిద్దని వాడు, కుక్కని కదపని వాడు, ఈ ఒక్క వ్యాగన్‌ని మాత్రం పట్టుబట్టి విడదీశాడు. అదీ మొక్కుబడిగా కాదు. వ్యాగన్ తీశాక చేయాల్సిన పనులన్నీ వరసగా చేయించాడు.

పక్కనున్న కుర్రాణ్ని ఆ సుద్ద గుర్తు ఏమిటని అడిగాను. డిజైన్ అన్నాడు. వాడి పక్కవాడు మేఘం బొమ్మ అనుకున్నాడట. కిరణ్‌ని అడిగితే, తను ఈ ఆట మొదటి తెర దాటి చూడనే లేదన్నాడు.

"ఆడి సూసే టైమెక్కడిది దీదీ?"

నలభై పేర్లతో అమ్మకానికి పెట్టిన ఆటని పెట్టినవాడే ఆడలేదు, స్టోరు ఆడలేదు, కొన్నవాడు ఎవడైనా ఉంటే వాడూ చివరిదాకా వెళ్లి ఉండడు. ఆ వ్యాగన్‌ని విడదీసిన మనిషి ఒక్కడే దాన్ని మనసు పెట్టి ఆడింది. ఎవరై ఉంటారో అప్పుడే తట్టింది నాకు. తట్టిన వెంటనే, కాకూడదు దేవుడా అనుకున్నాను.

లేచి వెనక్కి తిరిగేసరికి వేణుగోపాల్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ట్యాబు. రైల్వే ఆఫీసులో పెద్ద గుమాస్తా శంకరనారాయణ గారి అబ్బాయి. నాకంటే రెండు క్లాసులు కింద చదివాడు. సైబర్ పోలీసుల్లో కొన్నాళ్లు చేసి, ఇప్పుడు కోల్‌కతాలో ఒక ఏజెన్సీ నడుపుతున్నాడు. ఆ స్టోరు మీద వచ్చే ఫిర్యాదుల్ని స్టోరు తరఫున విచారించేది వీళ్లే. విచారించడమంటే ఎవరో ఒకరి పేరు రాసి ఫైలు మూయడం.

"ఇంకా వెతుకుతున్నారా మేడమ్?" అన్నాడు. "నా రిపోర్టు అయిపోయింది. ఆ నలభై నకళ్లూ ఉమాశంకర్ పనే."

నాకు ఒళ్లు మండింది. తన ఆటని తనే దొంగిలించుకున్నాడా అని అడిగాను. అలాంటి వాళ్లు చాలామందే ఉన్నారన్నాడు. ఒకే సరుకుని పది చోట్ల పెడితే పది చోట్లా కనబడుతుందట. పట్టుబడితే దొంగతనం జరిగిందని ఏడుస్తారట. ట్యాబు నా ముందు పెట్టాడు. ప్రతి నకలు కడుపులోనూ, దాన్ని ఆఖరుసారి ఏ కంప్యూటర్ మీద సరిదిద్దారో ఆ పేరు ఉండిపోతుందట. అన్నింటిలోనూ ఒకటే పేరు. జగ్గారావు.

"అది తండ్రి పేరు," అన్నాను.

"తండ్రి పేరు పెట్టుకున్న కంప్యూటర్. ఇంటర్నెట్టు కూడా ఆయన పేరు మీదే. డెబ్బై దగ్గర పడిన మనిషి కూర్చుని గేములు దిద్దుతాడా? కొడుకే. శనివారం మెయిల్‌లో ఇదంతా రాసి పంపాం. తెరిచి చదివాడు కూడా. ఇవాళ సాయంత్రంలోగా ఒప్పుకుంటూ సంతకం పెడితే స్టోర్ల నుంచి శాశ్వతంగా వెలి వేసి వదిలేస్తాం. లేకపోతే కంప్యూటర్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ల మీద పోలీసు కేసు."

"కిరణ్ సంగతి?"

"కిరణ్ ప్రతి ఆటకీ ఫీజు కడతాడు. తీసుకున్న సరుకు వాళ్లింటి నుంచే వచ్చిందని రాసిచ్చాడు. అతని మీద ఏముంది?"

"మీ స్టోర్లో ఒక్క మనిషి, ఒక్క గంట ఈ రెండు ఆటలూ ఆడి చూసి ఉంటే ఏది అసలో తెలిసేది. దాని చివర చూస్తే చాలు."

వేణుగోపాల్ నవ్వలేదు. అలసిపోయినట్టు కనిపించాడు, ఆ ఒక్క క్షణం మనిషిలా ఉన్నాడు. "రోజుకి ఎన్ని వస్తాయో తెలుసా మీకు? ఆడి చూడటానికి మనుషుల్ని పెడితే స్టోరు మూసుకోవాలి. ఎవర్నీ ఆపకపోవడమే అక్కడి పద్ధతి. ఎవరో ఒకరు కింద పడతారు. ఏం చేయమంటారు?"

"వాడు ఫోను ఇంట్లో వదిలి వెళ్లాడు. మీ మెయిల్ చదివిన మర్నాడే."

"అయితే త్వరగా వెతకండి," అన్నాడు. "సాయంత్రం దాకానే టైము."

స్కూటర్ ఎప్పుడూ లేనంత జోరుగా తోలాను. కోపంతో అనుకున్నాను. తాల్‌బగీచా చేరేసరికి కోపం కాదు, భయమని తెలిసింది.

జగ్గారావు తన ఇంటి వరండాలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచాడు, నా మొహం చూసి మళ్లీ కూర్చున్నాడు. ఉమాశంకర్ వాళ్లమ్మ చిలకమ్మ పిన్ని లోపలి నుంచి తొంగి చూసి, ఏమీ అడక్కుండా టీ పెట్టడానికి వెళ్లింది. మూడు రోజులుగా ఆవిడ చేస్తున్న పని అదే, ఎవరొచ్చినా టీ పెట్టడం.

నేను నిలబడే అడిగాను. ఇంట్లో ఉన్న కంప్యూటర్ మీద ఉమాశంకర్ ఆటలో వ్యాగన్లు అటూ ఇటూ జరిపే వీలు ఉందా అని. ఉందన్నాడు జగ్గారావు. వ్యాగన్లు ఎలా ఉండాలో, ఏ రిపేరు ఎక్కడొస్తుందో కొడుక్కి చెప్పింది ఆయనే. ప్రతిసారీ చెప్పి చేయించడం ఎందుకని, ఆయనే సర్దుకునేలా వాడొక ఏర్పాటు చేసిపెట్టాడు. సాయంత్రాలు ఇద్దరూ కూర్చుని యార్డు సర్దేవారట. ఇది చెబుతున్నంతసేపూ ఆయన గొంతులో ఇన్నాళ్లకి ఒక చిన్న వెలుగు వచ్చింది. దాన్ని ఆర్పబోతున్నది నేనే.

"ఆఖర్న ఆ సిక్ వ్యాగన్‌ని తీసింది మీరేనా బాబాయ్?"

"మరేటి? అలగ వదిలేత్తారేటి?" అన్నాడు జగ్గారావు. "ఆడు కోల్‌కతా ఎల్లిన రోజు. ఊరికే కూకుని ఆడతా ఉంటే ఆ బండి ఎలిపోతంది. సుద్ద గీసిన వ్యాగనమ్మా! నా సర్వీసులో అలగ ఒక్కటి వదల్లేదు. కొక్కేలు యిప్పించి, సిక్ లైన్లోకి నెట్టించి, మల్లా గొట్టాలన్నీ కలిపించి, అప్పుడు వదిలినాను. పూట పట్టింది."

"దాన్ని కిరణ్‌కి ఎందుకిచ్చినారు?"

అడగాల్సిన ప్రశ్నే కాదన్నట్టు చూశాడు. తర్వాత ఓపిగ్గా, కొత్తగా చేరిన వాడికి చెప్పినట్టు చెప్పాడు. రిపేరు చేసిన మనిషే బండికి ఫిట్ ఇవ్వకూడదు. తను చేసిన పనిలో తప్పు తనకి కనబడదు. వేరే మనిషి వచ్చి చూడాలి, అతను ఫిట్ అంటేనే బండి కదలాలి. ఆ ఆట కొడుకు చేశాడు, తండ్రి సరిదిద్దాడు. మూడో మనిషి చూడలేదు. ఆ మధ్యాహ్నం కిరణ్ ఇంటికొచ్చి, మా షెడ్డులో డజను మంది కుర్రాళ్లున్నారు, క్వాలిటీ చెక్ చేసి పెడతామన్నాడట. సరిగ్గా టైముకి వచ్చాడనుకుని, పెన్ డ్రైవ్‌లో ఎక్కించి తనే చేతిలో పెట్టాడు. కొడుక్కి చెప్పలేదు. బాగా వచ్చిందని అందరూ అన్నాక చెబుదామనుకున్నాడు.

నేను మెట్టు మీద కూర్చున్నాను. ముప్పై ఏళ్లకి పైగా ఒక పద్ధతికి కట్టుబడి, ఒక్క చెడ్డ వ్యాగన్‌ని కూడా లోకం మీదకి వదలని మనిషి. ఆ పద్ధతి ప్రకారమే చేశాడు. ఎవరూ ఏదీ చూడని ఒక బజారుంటుందని ఆయనకెలా తెలుస్తుంది?

"ఉమాశంకర్‌కి ఇది తెలుసా?"

"తెలుసు. ఆదివారం అన్నం తింటా అడిగినాడు. నాన్నా, ఆ వ్యాగను ఎవరు తీసినారు అని. నానే తీసినానురా, కిరణ్‌తో పరీచ్చ కూడా సేయించినాను అని సెప్పినాను. మంచి పని సేసినావు నాన్నా అన్నాడు. సెయ్యి కడుక్కుని ఎల్లినాడు."

ఇక్కడ నేను ఆగి ఉండాల్సింది. డిటెక్టివ్‌ని, తెలుసుకోవాల్సింది తెలిసిపోయింది, నోరు మూసుకుని లేచి వెళ్లొచ్చు. కానీ కిరణ్ మీదా, వేణుగోపాల్ మీదా, ఆ స్టోరు మీదా కూడిన కోపమంతా నా నోటి దాకా వచ్చి ఉంది. కొడుకు ఎందుకు వెళ్లాడో తెలియక ఈయన మూడు రోజులుగా కుమిలిపోతున్నాడు, తెలియాలి కదా అనుకున్నాను. చెప్పేశాను. మీరిచ్చిందే నలభై పేర్లతో ముందు వెళ్లింది బాబాయ్. దాని వల్లే వాడిది నకలైపోయింది. ఆ కంప్యూటర్ పేరు పట్టుకునే వాణ్ని దొంగంటున్నారు.

జగ్గారావు వెంటనే అర్థం చేసుకోలేదు. కిరణ్ చూసి తిరిగి ఇచ్చేస్తానన్నాడు కదా అన్నాడు. తర్వాత, మరి నేను బాగు చేసిందే కదా పైకెళ్లింది అన్నాడు. అప్పుడు అర్థమైంది ఆయనకి. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని వాటిని చూస్తూ ఉండిపోయాడు. ఆ మొహం ఎలా ఉందో నేను చెప్పలేను. పట్టాల పక్కన దుప్పటి ఎత్తి చూపించినప్పుడు తండ్రుల మొహాలు ఇలాగే ఉండేవి.

చిలకమ్మ టీ తెచ్చింది. గ్లాసు ఆయన పక్కన పెట్టి, ఏటైందని నన్ను కళ్లతో అడిగింది. అప్పుడే నా ఫోన్ మోగింది.

వేణుగోపాల్. "మీ కుర్రాడు దొరికాడు మేడమ్. తనే నా హోటల్ వెతుక్కుంటూ వచ్చాడు. ఈ మూడు రోజులూ గిరి మైదాన్ స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాడట. సంతకం పెట్టేశాడు. నలభై నకళ్లూ తనే చేశానని, ఇంట్లో ఎవరికీ సంబంధం లేదని. ఇక ఏ స్టోర్లోనూ అతని పేరు మీద ఏ ఆటా రాదు. మీతో మాట్లాడతాడట."

చిలకమ్మకి దొరికాడన్న మాట ఒక్కటే వినిపించింది. నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నంత పని చేసింది. స్పీకర్ పెట్టి వరండా గట్టు మీద ఉంచాను.

"బాబూ, ఉన్నావా నాయినా," అంది. ఉన్నానమ్మా అన్నాడు వాడు. ఆవిడ అంతకంటే మాట్లాడలేక కొంగు నోట్లో కుక్కుకుని లోపలికెళ్లిపోయింది, దేవుడి దగ్గరికి.

"నీలక్కా," అన్నాడు ఉమాశంకర్. తల్లి పక్కనే ఉందా అని అడిగాడు. లేదన్నాను. తండ్రి సంగతి అడగలేదు. రోజూ ఈ వేళప్పుడు ఆయన గుడి దగ్గర ఉంటాడు, ఇవాళా అంతే అనుకున్నాడేమో.

"ఉమా, ఆ కాగితం చింపించు. నువ్వు చేయలేదని నాకు తెలుసు. నేను రుజువు చేస్తాను."

"వద్దక్కా. రుజువు సేస్తే ఎవరి పేరు వస్తాదో నాకూ తెలుసు. నువ్వు పట్టేస్తావనే ఫోన్ సేయించినాను. ఆట పోతే పోయింది. నాన్నకి మాత్రం సెప్పకు. ఆయన నా ఆటని బాగుసేసినాననుకుంటన్నాడు. ఆ రోజు ఎంత సంతోసంగా సెప్పినాడో నువ్వు సూడలేదు. దాని వల్లే పోయిందని తెలిస్తే బతకడక్కా. ఆయనకి ఎప్పటికీ తెలవకూడదు. సెప్పనని మాటివ్వు."

తలెత్తి చూశాను. జగ్గారావు ప్రతి ముక్కా విన్నాడు. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు. నా వైపు చూసి, మాటిమ్మన్నట్టు తలూపాడు. నేను ఊరుకుంటే మళ్లీ ఊపాడు, గట్టిగా.

"చెప్పను," అన్నాను.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, గొంతు సవరించుకుని, అప్పుడే బయటి నుంచి వచ్చినట్టు ఫోన్ మీదకి వంగాడు.

"ఏరా, ఎక్కడ తిరుగుతన్నావు? మీ అమ్మ అన్నం మానేసింది. బేగి వచ్చీ. నీ ఆటలో ఆ వ్యాగను తీసినాను కదా, దాని గురించి నువ్వు ఇంకా ఏటీ సరిగ్గా సెప్పనేలేదు. బాగుందా?"

"బాగుంది నాన్నా," అన్నాడు ఉమాశంకర్.

"ఉండదా మరి," అన్నాడు జగ్గారావు. లైను కట్టయ్యాక కూడా ఆయన ఫోన్ మీదకి వంగే ఉన్నాడు. నేను వెళ్లి కుర్రాణ్ని తీసుకురావాలి. స్కూటర్ తాళం చేతిలోనే ఉంది కానీ లేవబుద్ధి కాలేదు.